సారె గంపలో జెర్రిపోతు

పుట్టింటి నుంచి అత్తవారింటికి తిరిగి వెళ్ళే ఆడపిల్ల సారె గంపలో ఏం పెట్టుకుని వెళ్తుంది? సకినాలు, గారెలు, అరిసెలు, ఓ చీర, ఓ రవిక గుడ్డ. నేను పామును పెట్టుకుని వెళ్ళాను. ఈ మాట చెబితే మా మనవరాళ్ళు పడీపడీ నవ్వుతారు కానీ నమ్మరు. నమ్మకపోతే పోనీ. డెబ్బైల చివర్లో హుజూరాబాద్‌లో మా సందులో కాపురమున్న ఆడవాళ్ళను ఎవరిని కదిపినా చెబుతారు. పాము సంగతీ చెబుతారు, నా నోటి సంగతీ చెబుతారు.

మాది నేతపని ఇల్లు. నడిమింట్లో రెండు గుంట మగ్గాలు, వాటి వెనక నూలు దాచుకునే అర్ర, పెరట్లో వంట. మగ్గాల మీద మా మామ, మా ఆయన కూర్చునేవారు. నిలువు దారాలు సాచి పడుగు పోయడం, పేక నూలును కండెలకు చుట్టడం మా అత్తదీ నాదీ. ఇంటి పెత్తనం మాత్రం ఒక్క అత్తదే. కూరలో కారం ఎంత, ఏ పడుగు ముందు మగ్గం ఎక్కాలి, చెంబు ఏ గూట్లో బోర్లించాలి, అన్నీ ఆమె నోటి మాట మీద నడవాలి. నేను కాపురానికి వచ్చి రెండేళ్ళు దాటినా ఆ ఇంట్లో నేను చెప్పి జరిగిన పని ఒక్కటి లేదు. ఆమె చెడ్డ మనిషని అనను. తనూ అలాగే నోరు మూసుకుని ఎదిగిన కోడలు. కానీ నేను మంథని పిల్లను, నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. మాట పెదవి దాకా వచ్చి లోపలికి పోతే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు.

మా పరేషాన్ అంతా ఎలుకలతో. పడుగుకు గంజి పెట్టాలి కదా. సందు పొడవునా దారాలు సాచి, గంజి పట్టించి, కుంచెతో తోమి ఆరబెడితేనే దారం మగ్గం దెబ్బకు ఆగుతుంది. మనకు అది దారం, ఎలుకకు అది అన్నం. చుట్టి పెట్టిన పడుగులో ఒక్కచోట పన్ను పడిందంటే మడత మడతకూ తెగుతుంది. తెగిన పోగులను ఒక్కొక్కటిగా ముడి వేస్తూ నేనూ అత్తా రోజులకు రోజులు కూర్చునేవాళ్ళం, కళ్ళు లాగేవి. బోను పెట్టాం. ఒక ఎలుక పడింది, మిగతావి బోను చుట్టూ తిరిగి వెళ్ళాయి. మందు పెట్టాం. గోడలో ఎక్కడో చచ్చి ఇల్లంతా కంపు కొట్టింది. పిల్లిని తెచ్చాం. ఆ మహాతల్లి నూలు కట్టల మీదే పిల్లల్ని పెట్టింది. అవి ఆడుకున్నాక ఆ నూలు దేనికీ పనికిరాలేదు.

ఆ ఏడు తొలకరి వానలకు నేను మంథని వెళ్ళాను. మా బాపుకు మగ్గంతో పాటు కొంచెం పొలం కూడా ఉండేది. వడ్లు నిలవ చేసుకునే మా గుమ్మి కింద ఎప్పుడూ ఒక జెర్రిపోతు ఉండేది. అది విషం లేని పాము, ఎలుకలు దాని ముఖ్యమైన తిండి. బాపు దాన్ని కొట్టనిచ్చేవాడు కాదు. ఒక గోలెంలో నీళ్ళు పెట్టి వదిలేసేవాడు. నేను వెళ్ళిన వారంలోనే దడి మీద ఆరేసిన చేపల వలలో ఒక లేత జెర్రిపోతు చిక్కుకుంది. మూడు మూరలు ఉంటుంది. బాపు వల కోసి దాన్ని విడిపిస్తుంటే పక్కన కూర్చున్న నాకు మా నూలు అర్ర కళ్ళముందు మెదిలింది.

"బాపూ, గిది నాకియ్యి," అన్నాను.

బాపు నా మొహంలోకి చూశాడు. "మీ అత్త ఊకుంటదా బిడ్డా?"

"ఊకోదు. నేను ఊకుంచుకుంట."

ఆయన నవ్వి దాన్ని బియ్యం సంచిలోకి దింపి మూతి కట్టాడు. "చీకటి జాగ, ఇన్ని నీళ్ళు, సప్పుడు లేకుంట చూడు. మాటిమాటికి ముట్టకు. గంతే," అన్నాడు. కన్నతల్లి కదా, మా అవ్వ మాత్రం సకినాల డబ్బా ఒక చేతిలో పట్టుకుని, గంపలో సంచిని చూసి తల బాదుకుంది. ఆ డబ్బాను వేరే సంచిలో పెట్టక తప్పలేదు.

పెద్దపల్లి దాకా ఒక బస్సు, కరీంనగర్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి హుజూరాబాద్‌కు మరొకటి. దారి పొడవునా మూత గంప నా ఒళ్ళోనే ఉంది. పక్క సీటు ముసలామె "సారెనా బిడ్డా?" అంటే అవునన్నాను. కండక్టర్ గంపను పైన కట్టేస్తానన్నాడు. వద్దంటే, "గంత ప్రేమనా అమ్మా సకినాల మీద?" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. లోపల అది ఒకసారి బరువుగా అటు నుంచి ఇటు కదిలింది.

సారె వస్తే సందులో నాలుగిళ్ళకూ పంచాలి. అందుకే నేను ఇల్లు చేరేసరికి అత్తతో పాటు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అరుగు మీద ఉన్నారు. నేను కాళ్ళు కడుక్కునేలోపే అత్త గంప మూత తాడు విప్పడం మొదలుపెట్టింది.

"అత్తా, ముట్టకు. అండ్ల పాము ఉన్నది."

ఆమె నవ్వింది. సంచి కదిలింది. ఆ వయసులో ఆమె పక్కనున్న మంచం మీదికి అంత చురుగ్గా ఎలా ఎక్కిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అరుగు మీది ఆడవాళ్ళు అప్పటికే సందులో ఉన్నారు.

"ఎవ్వలన్న సారెల పామును తెస్తరానే? నీకు మతి గిట్ల తప్పిందా?" మంచం మీద నుంచే అరిచింది.

"ఎలుకల కోసం తెచ్చిన. జెర్రిపోతు, ఏం జెయ్యది."

"జెర్రిపోతు ఉన్నకాడికి నాగుపాము జతకు వస్తదంటరు, నీకెర్కలేదా? గదొస్తే ఎవ్వలు జవాబు?"

మా మామ మాట్లాడటం అరుదు. ఆ రోజు ఆయన ఎలుక కొట్టిన పడుగు పోగులు చేతిలో పట్టుకుని మగ్గం గుంటలోనే కూర్చుని ఉన్నాడు. వాటి వంక చూసి, "జర ఉండనియ్యి. చూద్దాం," అన్నాడు.

అత్త మంచం దిగింది. నా ముందుకు వచ్చి నిలబడింది. "సరే. నాగుల పంచమి దాక ఉండనియ్యి. అప్పటికి గిది ఒక్క ఎలుకనన్న తినకుంటే పాము పోవాలె. మల్ల గీ ఇంట్ల నీ తెలివి మాటలు నాకు ఇనబడొద్దు."

నేను సరేనన్నాను. పంచమికి ఇంకా నెల ఉంది. ఆ ఇంట్లో నేను అనుకుని చేసిన మొదటి పని అది. అది చెడితే ముసలిదాన్నయ్యే దాకా సందులో నా ముందే చెప్పుకుని నవ్వుతారని నాకు తెలుసు. పంతం పట్టాను.

అర్రలో నీళ్ళు పోయే తూముకు రాయి అడ్డం పెట్టాను. తలుపు కింద సందులో గోనె కుక్కాను. ఒక మూలన పగిలిన కుండను బోర్లించాను, పగిలిన పక్క దానికి వాకిలి. మూకుట్లో నీళ్ళు పెట్టాను. సంచి మూతి విప్పగానే అది కుండలోకి దూరింది. నేను దగ్గరికి వెళ్తే గొంతు ఉబ్బించి గుర్రుమనేది. మొదటి రోజుల్లో ఒకసారి నా కొంగును కరిచింది కూడా. నాకూ కోపం వచ్చింది. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నానే అని దాన్ని తిట్టాను. తిట్టాక నవ్వొచ్చింది. కొత్త ఇంటికి వచ్చినదాని బాధ నాకు చెప్పాలా?

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున ఎండ పొడ పెంకుల సందులోంచి అర్రలో పడే వేళకు వెళ్ళి, నీళ్ళు మార్చి, దాని వైపు చూడకుండా వీపు తిప్పి కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టుకునేదాన్ని. పలకరింపు లేదు, ముట్టుకోవడం లేదు. కొన్నాళ్ళకు తలుపు చప్పుడుకు అది లోపలికి లాక్కోవడం మానేసింది. తల కుండ బయటే పెట్టి నాలుక ఆడిస్తూ చూసేది. ఒకరోజు తిరిగి చూస్తే నా వెనక ఎండ పొడలో ఒళ్ళంతా చాపుకుని పడుకుని ఉంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రాట్నం తిప్పే చెయ్యి మెల్లగా తిప్పాను, అంతే.

తిండి మాత్రం తినలేదు. బోనులో పడ్డ ఎలుకను తెచ్చి అర్రలో వదిలితే, ఆ ఎలుక పాము ముందరే కూర్చుని మీసాలు దువ్వుకుని, వెళ్ళి నూలు కొరికింది. అత్త రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, "ఏందే, నీ సారె ఏమన్న తిన్నదా?" అని సందుకంతా వినబడేలా అడిగేది. మా ఆయన నన్ను సమర్థించనూ లేదు, కాదననూ లేదు. మగ్గం చప్పుడు మాత్రం కొంచెం పెంచేవాడు.

తినకపోవడానికి కారణం నాకు తరవాత తెలిసింది. నేను నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా సందులో ఆడవాళ్ళు వచ్చి కుండ ఎత్తి చూసి, దండం పెట్టి పోతున్నారు. ఒకామె దాని మీద పసుపు కుంకుమ కూడా చల్లింది. నా ఒళ్ళు మండింది. "గిదేమన్న బొమ్మలాటనా? అది తిననీకి నోరు తెరిస్తే మీ మొహాలే కనబడుతున్నయి," అని కేకలేసి తలుపుకు గొళ్ళెం పెట్టాను. పసుపు చల్లిన ఆ పక్కింటి వదినె నాతో పంచమి దాకా మాట్లాడలేదు. నాకేం ఫికర్ లేదు, ఆమె మాట్లాడితేనే కష్టం.

పంచమి ఇక వారమో పది రోజులో ఉందనగా పాము ఒళ్ళు మసకబారింది. ఎండలోకి రాలేదు. ఒకరోజు నీళ్ళు మారుస్తూ చూస్తే దాని రెండు కళ్ళూ గంజినీళ్ళ రంగులో ఉన్నాయి.  వెనకనే నిలబడ్డ అత్త కూడా చూసింది.

"అయ్యో, పాము గుడ్డిదైంది," అంది.

మధ్యాహ్నానికి సందంతా తెలిసిపోయింది. పాలు పోయకుండా ఆకలికి మాడ్చింది, అందుకే కళ్ళు పోయాయి, ఇంటికి కీడు అని చెవులు కొరుక్కున్నారు. మా వైపు నాగుల పంచమి నాడు ఆడవాళ్ళు పుట్టలో పాలు పోసి, మిగిలిన పాలతో అన్నదమ్ముల కళ్ళు కడుగుతారు. చూపు చల్లగా ఉండాలని. పాలు కంటికి మంచివైతే పాము కంటికి మాత్రం మంచివి కావా? సందులో పెద్దామె తీర్పు చెప్పేసింది. పంచమి నాడు పంగలకర్రతో పాము మెడ పట్టి, పాలతో కళ్ళు కడిగి, ఇన్ని నోట్లో పోసి, పుట్ట దగ్గర వదిలేయాలి. ఎవరికీ దురుద్దేశం లేదు. అందరూ దాని మంచికే అనుకున్నారు, అదే నాకు భయమేసింది.

ఆ రెండు రోజులు నేనూ తిండి సరిగా తినలేదు. పాము నిజంగా గుడ్డిదైతే తప్పు నాదే కదా అనిపించింది. కండెలు చుడుతుంటే చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. మంథనిలో గుమ్మి కింద దొరికే కుబుసాన్ని మేం పిల్లలం మొహానికి పెట్టుకుని భయపెట్టుకునేవాళ్ళం. దానికి కళ్ళ దగ్గర రంధ్రాలు ఉండేవి కావు. చేప పొలుసు లాంటి గుండ్రటి పొర ఉండేది. అంటే కంటి మీద కూడా కుబుసం ఉంటుంది! పాత తోలు వదులైతే కన్ను మసకబారక ఏమవుతుంది? నేను రాట్నం వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను.

"అత్తా, అది గుడ్డిది కాలే. కుబుసం ఇడుస్తది."

ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. "అట్లనా? ఏది మరి కుబుసం?"

"వస్తది."

"రానియ్యి మరి."

కుండ పక్కన ఒక గరుకు ఇటుక పెట్టాను, ఒళ్ళు రాసుకోవడానికి. గోనె తడిపి వేశాను. నీళ్ళ మూకుడు తీసేసి పెద్ద బేసిన్ పెట్టాను. పంచమికి ముందు రోజు చూస్తే కళ్ళు మళ్ళీ నల్లగా, నిగనిగలాడుతున్నాయి. కానీ కుబుసం ఏదీ? కుండలో లేదు, నూలు కట్టల వెనకా లేదు. కళ్ళు బాగయ్యాయని అత్తకు చెబితే, "నువ్వు చెప్పుడే గదా," అంది.

పంచమి వచ్చింది. తలంట్లు పోసుకుని, ఊరి బయట పుట్టకు వెళ్ళి అందరితో పాటు నేనూ పాలు పోశాను, నేనూ మొక్కాను. ఏం మొక్కానో చెప్పనక్కర్లేదు. తిరిగి వచ్చేసరికి, పండుగకు పుట్టింటికి వచ్చిన మా ఆడబిడ్డ తన అన్నను, అంటే మా ఆయనను, కళ్ళు కడగడానికి పీట వేసి కూర్చోబెట్టింది. ఆ వెంటే సందులో ఆడవాళ్ళు మిగిలిన పాల చెంబులతో మా నడిమింట్లోకి వచ్చారు. పెద్దామె చేతిలో పంగలకర్ర ఉంది. నేను వెళ్ళి నూలు అర్ర తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"జరుగే పిల్లా," అంది పెద్దామె.

"జరుగ."

"గది దేవుని పని."

"దేవుని పని పుట్టకాడ చేసినం గదా, నేను సుత పోసిన. నా పాము కండ్లల్ల పాలు పోయనియ్య. దాని మెడ మీద కర్ర పెట్టనియ్య."

"గుడ్డి పామును ఇంట్ల పెట్టుకుంటవా?" ఎవరో వెనక నుంచి అన్నారు.

"గుడ్డిదెట్లయితది? ముందుగాల చూడుండ్రి. సప్పుడు చేయకుంట చూడుండ్రి. కండ్లు తెల్లగ ఉంటే నేనే నా చేతుల పట్టి మీకిస్త."

పీట మీద మా ఆయన మొహం నిండా పాలు. కళ్ళు తెరవలేక, "ఏమైంది? ఎవ్వలు? ఏమైంది?" అంటున్నాడు. ఆడబిడ్డ ఆయన తల పట్టుకుని ఇంకో దోసెడు పోసింది.

అత్త ముందుకు వచ్చింది. నన్ను పక్కకు జరిపి, గొళ్ళెం తీసి, తలుపు కొంచెం తెరిచి తల లోపలికి పెట్టింది. అలాగే ఉండిపోయింది. ఆమె మొహం నాకు కనబడదు, లోపల ఏముందో కనబడదు.  అప్పుడు ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి అందర్నీ చప్పుడు చేయొద్దన్నట్టు ఆపింది.

నేను ఆమె భుజం మీది నుంచి చూశాను. పాము ఇటుకకు దవడ రాస్తోంది. మూతి దగ్గర తోలు చిట్లి వెనక్కి మడత పడింది. ఇటుకకూ కుండకూ మధ్య ఒళ్ళు బిగించి, మెల్లగా ముందుకు పాకుతోంది. తడిసిన చొక్కాను తల మీది నుంచి తిప్పి లాగినట్టు పాత తోలు వెనక్కి తిరగబడుతూ పోతోంది, లోపలి నుంచి కొత్త ఒళ్ళు నూనె రాసినట్టు బయటికి వస్తోంది. పంగలకర్ర, పాల చెంబులు, ఇంతమంది ఆడవాళ్ళు తలుపు సందులో ఒకరి మీద ఒకరు వంగి చూస్తుంటే, అది ఎవరినీ పట్టించుకోకుండా తోక కొస దాకా వదిలించుకుంది. తరవాత బేసిన్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది.  "నాగన్నా, తండ్రీ," అని పెద్దామె పంగలకర్ర గోడకు ఆనించి చేతులు జోడించింది.

అది కుండలోకి వెళ్ళాక అత్తే లోపలికి వెళ్ళి కుబుసం తెచ్చింది. వెలుతురుకు పట్టి, కళ్ళ చోట వేలు పెట్టి చూసింది. "ఏ, కండ్లకు సుత పొర ఉన్నదే," అని ఒక్కొక్కరికీ చూపించింది.   నా మొహం వెలిగిపోయి ఉంటుంది. మిగిలిన పాలన్నీ ఒక గిన్నెలో పోగేసి అత్త అందరికీ చాయ్ పెట్టించింది. నాతో మాట్లాడని వదినె కూడా తాగింది.

పంచమి గడువు మాట అత్త ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఒకటి రెండు రోజులకు మధ్యాహ్నం కండెలు చుడుతుంటే అర్రలో దబదబమని చప్పుడు, ఒక కీచుమన్న అరుపు. ఇద్దరం పరుగెత్తాం. పాము ఒక ఎలుకను గోడకు అదిమి పట్టి తల వైపు నుంచి మింగుతోంది. అత్త గడప మీద కూలబడి, తోక లోపలికి పోయే దాకా కన్నార్పలేదు. "తింటున్నది," అంది గుసగుసగా, జ్వరం తగ్గి అన్నం ముట్టిన పిల్లను చూసినట్టు. నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఎలుక చచ్చినందుకు ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బతుకమ్మ పండుగ నాటికి మా అర్రలో ఎలుక చప్పుడు లేదు. పెళ్ళి చీరల పడుగులు మగ్గం ఎక్కి, ఒక్క పోగు తెగకుండా దిగాయి. మామ మగ్గం మీద పని చేస్తూ కూనిరాగం తీశాడు, ఆ ఇంట్లో నేను అది వినడం మొదటిసారి. మా అర్రలోంచి పారిపోయిన ఎలుకలన్నీ ఇరుగు పొరుగు ఇళ్ళకు వెళ్ళాయి. వాళ్ళ పడుగులు తెగడం మొదలైంది.

ఒకరోజు సాయంత్రం పెద్దామె, ఆ వదినె, ఇంకో ఇద్దరు మా గుమ్మంలోకి వచ్చారు. పెద్దామె చాలాసేపు వానల సంగతి మాట్లాడింది. చివరికి, "చెల్లె, మీ పామును జర నాలుగు దినాలు మా ఇంట్ల పెట్టుకుంటం. మంచిగ చూసుకుంటం, మల్ల తెచ్చిస్తం," అని అత్తను అడిగింది. రోకలి అడిగినట్టే అడిగింది.

అత్త చేతిలో పని ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"నన్నడుగుతరేంది? పాము నాదా? కోడలు తెచ్చుకున్నది, కోడలు సాదుకుంటున్నది. ఇచ్చుడు, ఇయ్యకపోవుడు ఆమె ఇష్టం. ఆమెనే అడుగుండ్రి."

నలుగురూ నా వైపు తిరిగారు. మగ్గాల చప్పుడు కూడా ఆగింది, లోపల తండ్రీ కొడుకులు వింటున్నారన్నమాట. నేను తొందరపడలేదు. రాట్నం ఆపి, చేతికి అంటిన నూలు పీచు దులుపుకుని, కొంగు సర్దుకుని, వాళ్ళను కావాలనే కాసేపు నిలబెట్టి చెప్పాను.

"ఇయ్య."